పన్నెండు మైళ్ళ రామలింగం

యుద్ధం అయిదో ఏట పడింది. పెట్రోలు పటాలాలకే చాలటం లేదు గనక బెజవాడ బస్సులన్నీ వీపున బొగ్గుల పొయ్యి కట్టుకుని తిరిగేవి. మనిషెత్తు ఇనప పీపా, దాని నిండా బొగ్గు, అడుగున నిప్పు. ఆ నిప్పు మీంచి వచ్చే గ్యాసును ఇంజను పీల్చుకుంటే బండి నడిచేది. పొద్దున్నే పీపా పక్కనున్న గాలి విసిరే చక్రాన్ని అరగంట చేత్తో తిప్పితే గాని నిప్పు రాజుకునేది కాదు. ఎక్కినవాళ్ళు తెల్ల చొక్కాలతో ఎక్కి బూడిదరంగు చొక్కాలతో దిగి బస్సును తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఒక్క బస్సులో మాత్రం బస్సును వదిలేసి డ్రైవర్ని తిట్టేవాళ్ళు. అది పామర్రు నించి పొద్దున బయల్దేరి బెజవాడ గవర్నర్‌పేటకు వచ్చి, మధ్యాహ్నం తిరిగి పామర్రు పోయే బస్సు. ఆ డ్రైవరు రామలింగం.

బస్సు వెనక తెల్లరంగుతో రాసి ఉండేది, వేగం గంటకు ఇరవై అయిదు మైళ్ళు మించరాదని. మించకూడదని రాశారు గాని ఎంతకు తగ్గకూడదో రాయలేదు. రామలింగం పన్నెండు మీద తోలేవాడు. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎనిమిది. గేదెలమంద కనబడితే సరేసరి, ఆపేసి అవి పోయేదాకా చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, సంధ్య వార్చుకునేవాడిలాగా కూర్చునేవాడు. రెండు గంటల్లో చేరాల్సిన దారి మూడున్నర గంటలు పట్టేది.

"ఏమండోయ్ డ్రైవరుగారూ, మేం దిగి ముందు నడుస్తూ ఉంటాం, ఉయ్యూరులో ఎక్కించుకోండి" అనేవాడొకడు.

"ఊరేగింపు బాగానే ఉంది, పెళ్ళికొడుకేడండీ?" అని ఇంకొకడు.

"నాట్లేసి బయల్దేరాను, కోతలకన్నా చేరతానంటారా?"

బస్సంతా నవ్వేది. రామలింగం వెనక్కి తిరగకుండానే, "చేరటం ముఖ్యమండీ. పదకొండేళ్ళయింది నేను స్టీరింగు పట్టి. నా చక్రం కింద కోడిపిల్ల కూడా పళ్ళేదు" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఒక గర్వం పలికేది. దరిద్రుడు తన దగ్గరున్న ఒకే ఒక్క పట్టుపంచె గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

అతనికి నిజంగా ఇంకేమీ లేదు. నేతపని చేసుకునే ఇంట్లో పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా కూర్చోవడం తనవల్ల కాదని ఇరవయ్యో ఏట ఊరు వదిలేశాడు. "కూర్చోలేక లగెత్తినవాడు బస్సెక్కి కూడా కూర్చునే ఉన్నాడు" అని అన్నదమ్ములు ఇప్పటికీ నవ్వుతారు. పెళ్ళయిన రెండో ఏడు భార్య జ్వరంతో పోయింది. ఊళ్ళో అతని వాటా గదిలో తమ్ముడు నూలు పెట్టుకున్నాడు. పామర్రులో ధాన్యం మిల్లు వెనక ఒక వసారా అద్దెకు తీసుకుని రామలింగం వండుకు తినేవాడు. వండుకోవడమంటే ఒక పూట అన్నం, రెండు పూటలు తినడం. ఈ దేశంలో ఒంటరిగా ఉన్న ఆడదాని గురించి మాట్లాడుకోవడానికి పదిమంది పోగవుతారు. ఒంటరిగా ఉన్న నలభై ఏళ్ళ మగవాడి గురించి మాట్లాడుకోవడానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు.

అతనితో తిట్టకుండా మాట్లాడే మనిషి ఆ బస్సులో ఒక్కతే ఉండేది. ఆవిడ పేరు హనుమాయమ్మ. పామర్రులో ఆమె కొడుకులు మగ్గాలు నేస్తారు. ఆమె వారానికి రెండుసార్లు చీరెల మూట పట్టుకుని బెజవాడ దుకాణాలకు వెళ్ళి, దొరికిన నూలు తెచ్చేది. అరవై ఏళ్ళ మనిషి. డ్రైవరు వెనక మొదటి బల్ల మీదే కూర్చునేది. ఎవరైనా రామలింగాన్ని తిడితే గయ్యిమని లేచేది.

"మిమ్మల్ని చంపకుండా తీసుకుపోతున్నాడని తిడుతున్నారా? మొన్న ఆ ఎర్రబస్సువాడు తోలిన తోలుడికి నా నడుం వారం రోజులు పట్టేసింది. మా రామలింగం బండెక్కితే ఉయ్యాల్లో కూర్చున్నట్టుంటుంది. నువ్వు పోనీ నాయనా, వీళ్ళ మాటలకేం."

"అలాగే పిన్నమ్మా" అనేవాడు రామలింగం. ఆ నాలుగు మాటలకే ఆ రోజు పది మైళ్ళు దాటకుండా తోలేవాడు.

శ్రావణమాసంలో ఒకరోజు బస్సు యజమాని వెంకటసుబ్బారావు అతన్ని గవర్నర్‌పేటలోని ఆఫీసుకు పిలిపించాడు. ఆయన పల్లెలో మాగాణి ఉన్న రైతు. రెండు బస్సులు కొని పట్నంలో కుర్చీ వేసుకున్నాడు.

"రామలింగం, నీ మీద ఎన్ని మాటలు పడుతున్నానో తెలుసా? కోర్టు వాయిదాకి అందలేదని నిన్న ఒకాయన ఈ బల్ల మీద గుద్దిపోయాడు."

"మెల్లగా పోతే తప్పేంటండీ? ఎవర్నన్నా గుద్దానా?"

"గుద్దలేదు గనకే ఇంకా స్టీరింగు నీ చేతిలో ఉంది. దసరా దాకా చూస్తాను. టైముకి చేరావా, నువ్వే తోలుకో. చేరలేదా, ఇంకొకడికి ఇస్తాను. తర్వాత నన్నేమీ అనుకోకు."

రామలింగం దండం పెట్టి బయటికొచ్చాడు. స్టీరింగు పోతే తనకు మిగిలేది మిల్లు వెనక వసారా. అంతకుమించి ఆలోచించడానికి అతనికి ధైర్యం చాలలేదు.

రెండు రోజులు ఇరవై మీద తోలాడు. బస్సు రెండుంబావు గంటల్లో పామర్రు చేరింది. జనం బిలబిలా దిగారు. ఎవరి మూట వాళ్ళు నెత్తిన పెట్టుకుని ఎవరి వీధికి వాళ్ళు పోయారు. చూస్తూండగా బస్సు ఖాళీ అయింది. ఇంకా బోలెడు పొద్దుంది. రామలింగం వసారాలో కూర్చుని మిల్లు గోడ చూశాడు. ఊక ఎగిరివచ్చి గిన్నెలో పడుతుంటే తీసి పారేశాడు. అవతల ఇంట్లో ఎవరో ఎవర్నో అన్నానికి పిలిచారు. మూడో రోజు మళ్ళీ పన్నెండుకు దిగాడు. ముందు చక్రం కాస్త ఊగుతోందనీ, జాగ్రత్త మంచిదనీ తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ బస్సుకు కండక్టరూ, బొగ్గేసేవాడూ రెండూ రత్తయ్యే. రామలింగం కంటే వయసులో పెద్దవాడు, నోరు మరీ పెద్దది.

"అయ్యా రామలింగం, నీ కాలికి దండం పెడతా, కాస్త తొక్కు. పెట్రోలు రోజులు కావివి. ఇంజను గట్టిగా పీలిస్తేనే గదా పీపాలో నిప్పు రగిలేది? నువ్వు పాడెతో నడిచినట్టు నడిపిస్తుంటే అది లోపల్లోపల చచ్చిపోతోంది. రోజూ దారి మధ్యలో దిగి చక్రం తిప్పలేక నా రెక్కలు పోతున్నాయి."

"బొగ్గు తడిదేమో చూడు" అనేవాడు రామలింగం.

తప్పు అక్కడుంది. పెట్రోలు బండి మెల్లగా పోతే మెల్లగా పోతుంది, అంతే. బొగ్గు బండి మెల్లగా పోతే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో డ్రైవరు చేతిలో ఉండదు. ఈ సంగతి రామలింగానికి రత్తయ్య కంటే బాగా తెలుసు. తెలిసి కూడా కాలు దించలేదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం బస్సు బెజవాడ నించి వస్తోంది. బందరు కాలువ గట్టు దాకా నిండి ఎర్రగా పారుతోంది. కంకిపాడు దాటాక వెనక ఒక బియ్యం లారీ చేరింది. అది హారను కొట్టింది. రామలింగం పట్టించుకోలేదు. మధ్యలో కంకర రోడ్డు ఒక బండికే సరిపోతుంది. దారి ఇవ్వాలంటే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించాలి. వానకు నానిన మట్టి, అవతల కాలువ. అతను దించలేదు. రెండు మైళ్ళు లారీ మొత్తుకుంటూనే ఉంది.

"ఇవ్వవయ్యా దారి. వాడికీ ఇల్లూ వాకిలీ ఉండవూ?" అన్నాడు రత్తయ్య.

"తొందరుంటే ముందే బయల్దేరాల్సింది."

చివరికి లారీవాడు విసిగిపోయి కాలువగట్టున ఒక కాఫీ పాక దగ్గర ఆగిపోయాడు, ఈ బస్సు కనుమరుగయ్యాక పోదామని. రామలింగానికి మనసు తేలికపడింది. ఒక మైలు పోయాక తుమ్మచెట్ల మలుపు. మలుపు తిరగ్గానే తూము మీద చిన్న ఎత్తు. ఆ ఎత్తు మీద బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పీపాలో నిప్పు చచ్చిపోయింది.

రత్తయ్య దిగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "మలుపు పక్కనే ఆగింది. వెనకనించి వచ్చేవాడికి మనం కనబడం. నలుగురం తోస్తే అవతలకి దిగిపోతుంది. పట్టండి బాబూ!"

"వద్దు" అన్నాడు రామలింగం. "పల్లం. కాలువ పక్క. బ్రేకు పడకపోతే అందరం నీళ్ళల్లో ఉంటాం. ఇక్కడే ఉండనీ. చక్రం తిప్పు, పావుగంటలో రాజుకుంటుంది."

అదే అతని జాగ్రత్త. ముందున్న కాలువ అతనికి కనబడింది. వెనకనున్న మలుపు కనబళ్ళేదు.

జనం తిట్టుకుంటూ దిగారు. హనుమాయమ్మ కూడా నడుం సాగదీసుకోవడానికి దిగి, నూలు మూట చంకన పెట్టుకుని బస్సు పక్కన మట్టిలో నిలబడింది. రత్తయ్య ఇంకా చక్రం పట్టాడో లేదో, పోయిన పొద్దంతా రాబట్టుకుందామని వస్తున్న లారీ మలుపు తిరిగింది. డ్రైవరు బస్సును చూసి బ్రేకు తొక్కి పక్కకు కోశాడు. లారీ బస్సుకు తగల్లేదు. మట్టిలోకి జారి హనుమాయమ్మను తోసేసి, తుమ్మచెట్టు మొదట్లో ఆగింది.

ఆమె బతికింది. తొడ ఎముక విరిగింది. ఆమెను ఎత్తి బస్సులో పడుకోబెట్టారు గాని ఆ బస్సు కదలదు. చివరికి గుద్దిన లారీయే ఆమెను బియ్యం బస్తాల మీద వేసుకుని ఉయ్యూరు తీసుకుపోయింది. లారీ డ్రైవరు మాణిక్యం, పాతికేళ్ళవాడు. దారిపొడుగునా ఏడుస్తూ తోలాడట. డాక్టరు దగ్గర ఆమెను దించి, తనే పోలీసు స్టేషనుకు నడిచి వెళ్ళాడు. వాళ్ళు వాణ్ణి లోపల కూర్చోబెట్టారు.

మర్నాడు వెంకటసుబ్బారావు రామలింగాన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. అయిదేళ్ళలో ఆయన రామలింగం కోసం లేవడం అదే మొదలు.

"మన తప్పు ఇసుమంత లేదయ్యా. ఆగి ఉన్న బండి, దూకుడుగా వచ్చిన లారీ. దసరా గిసరా అన్న మాట మర్చిపో. ఇలాంటప్పుడు నీలాంటి నెమ్మదస్తుడే నాకు కావాలి. సోమవారం ఇక్కడ పోలీసు విచారణ. ఇంజను పాడయి ఆగిందని చెప్పు. అంతకంటే ఒక్క ముక్క వద్దు. స్టీరింగు ఎక్కడికీ పోదు."

రామలింగం అలాగేనన్నాడు. రోడ్డు మీద కూడా అందరూ అదే మాట. కిందటి వారం తిట్టినవాళ్ళే, "నువ్వే నయమయ్యా, లారీవాళ్ళకి ఒళ్ళు తెలీదు" అన్నారు. అతని కోరికలన్నీ ఒక్కసారిగా తీరాయి. రెండు రాత్రులు నిద్ర మాత్రం పట్టలేదు.

ఆదివారం పొద్దున పామర్రులో హనుమాయమ్మ ఇంటికి వెళ్ళాడు. మగ్గాల చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. కోడలు శివపార్వతి తలుపు దగ్గర నిలబడి, "మీరేనా ఆ బస్సాయన" అని, పక్కకు జరిగింది. లోపల నులకమంచం మీద ముసలామె పడుకుని ఉంది. కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు.

"రా నాయనా. కూర్చో. ఇంజను చెడిందట గదా."

అవునంటే సరిపోయేది. రామలింగం మంచం పక్కన నేల మీద కూర్చుని, "ఇంజను చెళ్ళేదు పిన్నమ్మా. నేను తొక్కలేదు. తొక్కకపోతే నిప్పు చస్తుందని తెలుసు. తోద్దామన్నాడు రత్తయ్య, వద్దన్నాను. అంతకుముందు ఆ కుర్రాడికి దారీ ఇవ్వలేదు" అన్నాడు.

హనుమాయమ్మ పైకప్పు వాసాల వైపు చూసింది.

"మరి మెల్లగా ఎందుకు తోల్తావురా? మా కోసం గదూ? నీ తరపున ఎంతమందితో పోట్లాడాను!"

"మీ కోసమే అనుకున్నాను పిన్నమ్మా, ఇన్నాళ్ళూ." అతను నేల చూపులు చూశాడు. "చేరితే అందరూ దిగి వెళ్ళిపోతారు. బండిలో ఉన్నంతసేపూ తిడతానికైనా మనుషులుంటారు. పామర్రులో నాకెవరున్నారు?"

అవతలి గదిలో మగ్గం ఆగింది. ఎవరో వింటున్నారు.

"ఓరి నీ అసాధ్యం కూలా" అంది హనుమాయమ్మ. తిట్టిందో, జాలిపడిందో చెప్పడం కష్టం. "ఆ మాట నాతో ఒక్కనాడు అంటే, వచ్చి నాలుగు మెతుకులు తినిపోరా అననా? దానికి ముప్ఫైమందిని రోజూ ఎండలో ఊరేగించాలా? వాళ్ళకి పన్లుండవూ? వాళ్ళకోసం చూసేవాళ్ళుండరూ?"

 అంత అని కూడా ఆమె అన్నానికి రమ్మనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. నొప్పివల్లనో, ఇంకెందువల్లనో. శివపార్వతి వచ్చి, "అత్తయ్యకి మందు వేళయిందండీ" అంది. రామలింగం లేచాడు.

సోమవారం పొద్దున పామర్రులో బస్సు ఎక్కినవాళ్ళు మూటలు సర్దుకుని, తీరిగ్గా చుట్టలు ముట్టించుకున్నారు. ఉయ్యూరు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఇరవై అయిదు మీద బండి ఒక్క దగ్గు దగ్గకుండా పోయింది. ఎదురొచ్చిన బండ్లకు రామలింగం ముందే నిదానించి, దారి ఇచ్చి, మళ్ళీ అందుకున్నాడు. వెనక ఒక కారు హారను కొడితే, గట్టి నేల ఉన్నచోట చూసి మట్టిలోకి దించాడు. కారు వెళ్ళిపోయింది. అంతే. ఏమీ కాలేదు. అంత తేలికైన పని.

గవర్నర్‌పేటలో దిగి రత్తయ్య అతన్ని పైనించి కిందికి చూశాడు. "ఈ కాలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా?"

విచారణలో రామలింగం ఉన్నదున్నట్టు చెప్పాడు. పన్నెండు మైళ్ళ మీద తోలాననీ, నిప్పు అందుకే చచ్చిందనీ, మలుపులో ఆపి తోయనివ్వలేదనీ, రెండు మైళ్ళు లారీకి దారి ఇవ్వలేదనీ. రాసుకుంటున్న పోలీసు అధికారి కలం ఆపాడు.

"వేగంగా తోలానని ఎవడూ ఒప్పుకోడు. మెల్లగా తోలానని ఒప్పుకునేవాణ్ణి నిన్నే చూశాను. దీనికి నిన్నేం చెయ్యమంటావు?"

"నాకు తెలీదండీ. రాసుకోండి."

అధికారి నవ్వాడు. రాసుకున్నాడు. మాణిక్యాన్ని ఆ పూటే జామీను మీద వదిలేశారు, తర్వాత కోర్టులో జైలు తప్పి జరిమానాతో పోయింది. ఆ రోజు వాడు బయటికొచ్చేటప్పుడు మెట్ల మీద రామలింగం ఎదురయ్యాడు. వాడు పక్కకు జరిగి దారి ఇచ్చి, దిగి వెళ్ళిపోయాడు. వెంకటసుబ్బారావు అరవలేదు. "నీ తాళంచెవి అక్కడ పెట్టు" అన్నాడంతే. ఆ సాయంత్రానికి స్టీరింగు ఇంకొకరిది.

వసారాలో ఉన్న పెట్టె తెచ్చుకోవాలి గనక మర్నాడు రామలింగం అదే బస్సులో పామర్రు బయల్దేరాడు. అతనికి వెనక బల్ల మీద, పీపా వేడి తగిలే చోటు దొరికింది. కొత్త డ్రైవరు ఇరవై అయిదుకు తగ్గకుండా తోలుతున్నాడు. పక్కన కూర్చున్న రైతు పొద్దు వంక చూసి తృప్తిగా కాళ్ళు చాపుకున్నాడు.

"పెందరాళే చేరిపోతాం. ఇదివరకు ఒకడుండేవాడు లెండి. ఆణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది."

"ఏం చేశాడండీ?" అన్నాడు రామలింగం. ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు కాబోలు, ముందు బల్లల మీద మసి పట్టిన తలలే తప్ప ఆ రైతు ఎన్నడూ డ్రైవరు ముఖం చూసినట్టు లేదు.

"చెయ్యటానికేముంది. శ్రావణంలో నా పొలానికి నీళ్ళ వంతు. పొద్దుగూకేలోగా మడవ తిప్పుకోవాలి. అయిదింటికి చేరాల్సినవాణ్ణి ఆరున్నరకి చేరాను. పక్కపొలమాయన తిప్పేసుకున్నాడు. మళ్ళీ వంతు తొమ్మిది రోజులకి. ఎకరన్నర నారు ఎండిపోయింది. పొలానికెళితే మా ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది, నాకోసం చూసి చూసి. ఒక్క మాట అన్లేదండీ. అంటే బాగుండును."

రామలింగం వింటూ ఉన్నాడు. కంకిపాడు పోయింది. తూము మీద బస్సు తడుముకోకుండా ఎక్కి దిగింది.

"పైగా ఆడేదో ప్రాణాలు కాపాడుతున్నానని చెప్పేవాడటండీ" అన్నాడు రైతు. "మా ప్రాణాల మీద ఆడికంత ఆపేక్ష ఎందుకో!"

ఆయన నవ్వాడు. నవ్వమన్నట్టు రామలింగం మోకాలు తట్టాడు. రామలింగం, "తప్పేనండీ" అన్నాడు. రైతుకు అది సరిపోయింది. తర్వాత ఆయన ఈ ఏటి ఎరువుల సంగతీ, కూతురి సంగతీ, ఎడ్ల సంగతీ చెప్పుకుంటూ వచ్చాడు. పామర్రు దాకా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఎవరూ రామలింగానికి అన్ని కబుర్లు చెప్పలేదు.

బస్సు టైముకే ఆగింది. రైతు "వస్తానండీ" అని మాట మధ్యలోనే దిగి, సంచీ భుజాన వేసుకుని పెద్ద పెద్ద అంగలతో పోయాడు. రామలింగం అందరూ దిగేదాకా కూర్చున్నాడు. రత్తయ్య పీపా అడుగున బూడిద దులుపుతూ, "దిగవయ్యా, ఊడవాలి" అన్నాడు. అతను దిగి, మిల్లు వైపు నడిచాడు. ఇంకా బోలెడు పొద్దుంది.